రెండో లైను

రెంటచింతలలో ఆ రోజు ఎండ నలభై ఆరు దాటింది. మధ్యాహ్నం ఒంటిగంటా పదిహేను నిమిషాలు. బజారులో కుక్క కూడా లేదు.

కరెంటు స్తంభం మీద నరసింహారావు ఒక్కడే ఉన్నాడు. తెగిపోయిన ఫైబర్ కేబుల్ కొసలు రెండూ చేతుల్లోకి తీసుకుని చూశాడు. ఆ వారంలో అది నాలుగో కోత. ఎలుక కొరికింది కాదు, బ్లేడుతో కోసింది.

టీవీ కేబుల్‌తో మొదలుపెట్టి, చుట్టుపక్కల తొమ్మిది ఊళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే స్థాయికి వచ్చిన మనిషి అతను. నాలుగు నెలల కిందటి దాకా పల్నాడులో అలాంటి చిన్న ఆపరేటర్లు పద్నాలుగు మంది ఉండేవారు. అప్పుడు కోరల్‌నెట్ అనే కంపెనీ దిగింది. ఆరు నెలలు ఇంటర్నెట్ ఉచితం అంది. కస్టమర్లు అటు పోయారు. పోని కస్టమర్ల కేబుళ్లు తెగడం మొదలైంది. పదముగ్గురు ఆపరేటర్లు కంపెనీకి అమ్మేసి చేతులు దులుపుకున్నారు. నరసింహారావు అమ్మలేదు.

లైనులో కరెంటు తీయించాకే అతను స్తంభం ఎక్కాడు. వంద గజాల అవతల, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒకడు నింపాదిగా స్విచ్ వేశాడు.

నరసింహారావు కేక కూడా వేయలేదు. నడుముకు బెల్టు ఉంది కాబట్టి కింద పడలేదు. నలభై నిమిషాలు అలాగే వేలాడాడు. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. అన్నీ కస్టమర్ల ఫోన్లే. నెట్ రావట్లేదట.

* * *

మూడు రోజుల తర్వాత, నడికుడి జంక్షన్. ప్లాట్‌ఫారం చివర వాడకంలో లేని స్టోరు గదిలో ఇద్దరు కూర్చున్నారు. ఒకరు నాగార్జున. టెలికాం నెట్‌వర్కుల మీద విదేశీ గూఢచర్యాన్ని పట్టుకునే రహస్య విభాగానికి చీఫ్. రెండో మనిషి ఫహీమ్, ఆ విభాగం ఏజెంట్. పుట్టింది గురజాలలో. ఆఫీసు రికార్డుల్లో అతనికి పేరు లేదు, నంబరు మాత్రమే ఉంది.

"కోరల్‌నెట్ వెనక ఎవరు సార్?"

"మూడు దేశాల్లో నాలుగు డొల్ల కంపెనీలు. నాలుగింటి వెనకా ఒక్కడే. డెకర్. డ్యాములు, పవర్ గ్రిడ్‌లు ఎలా స్వాధీనం చేసుకోవాలో దారి కనిపెట్టి, అడిగినవాళ్లకు అమ్ముతాడు."

"ఇక్కడేం అమ్ముతున్నాడు?"

నాగార్జున టేబుల్ మీద మ్యాప్ పరిచాడు. కృష్ణ మీద ఒక చిన్న బ్యారేజీ దగ్గర ఎర్ర చుక్క పెట్టాడు.

"ఈ గేట్లు కంట్రోల్ రూమ్ నుంచి నడుస్తాయి. రెండు ఇంటర్నెట్ లైన్లు. రూల్ ప్రకారం ఆ రెండూ వేర్వేరు కంపెనీలవి కావాలి. ఒకే కమాండ్ రెండు లైన్లలోనూ ఒకేసారి వస్తేనే గేటు కదులుతుంది. ఏ లైను తెగినా గేట్లు లాక్ అయిపోతాయి."

"మొదటి లైను?"

"ఆర్నెల్ల క్రితం బినామీ పేరుతో డెకర్ చేతికి వచ్చింది. రెండోది నరసింహారావుది. దాని పరికరం రెంటచింతలలో పత్తి గోడౌన్ పైగదిలో, సీలు వేసిన పెట్టెలో ఉంది. కోడ్ లేకుండా తెరిస్తే అలారం. కానీ లైసెన్సు చేతులు మారితే ఆ కోడ్‌ని సర్కారే సీల్డ్ కవర్లో పెట్టి కొత్త యజమానికి ఇస్తుంది."

ఫహీమ్‌కు విషయం అర్థమైంది. "దొంగతనం అక్కర్లేదన్నమాట. పోటీదారుణ్ణి లేకుండా చేస్తే చాలు."

"అంతే. కోరల్‌నెట్‌లో మన మనిషి ఉంది. ఉష. వాళ్ల రీజనల్ హెడ్. మన రహస్యాలు తమకు చేరవేస్తోందని వాళ్లనుకుంటారు. నిజానికి వాళ్ల రహస్యాలు మనకు చేరవేస్తోంది. కోడ్ వర్డ్ గుర్తుపెట్టుకో. 'స్ప్లైస్ లాస్ ఎంత?' అని, అంటే ఫైబర్ అతుకు దగ్గర సిగ్నల్ ఎంత పోతోందని అడుగుతుంది. 'లెక్కలోకి రానంత' అని చెప్పు."

"నరసింహారావును చంపుతారని ఆమెకు ముందే తెలుసా?"

"తెలుసు. రెండు రోజుల ముందే చెప్పింది."

"మరి?"

"అతన్ని హెచ్చరిస్తే ఉష బయటపడేది," అన్నాడు నాగార్జున, మ్యాప్ మడుస్తూ.

* * *

ఫైబర్ అతికే టెక్నీషియన్ వేషంలో ఫహీమ్ రెంటచింతల చేరేసరికి నరసింహారావు పెద్దకర్మ అయి ఒకరోజే అయింది. ఇంటి ముందు గదే ఆఫీసు. మిణుకుమిణుకుమంటున్న రౌటర్ల పక్కన అతని భార్య హైమావతి ఫోన్లో మాట్లాడుతోంది.

"వస్తది లేమ్మా, అరగంట ఆగు. ... లేదమ్మా, ఆయన లేడు. ... నేనే చూపిస్తా." ఫోన్ పెట్టి తలెత్తింది. "ఎవరు నువ్వు?"

"బాషా అంటారక్కా. పిడుగురాళ్లలో చేసేవోణ్ణి. మా ఓనరు కోరల్‌నెట్‌కి అమ్మేశాడు."

"స్తంభం ఎక్కుతావా?"

"ఎక్కుతా."

"భయం లేదా?"

"ఉందక్కా."

హైమావతి అతన్ని కాసేపు చూసింది. "ఉండాలి. లేనోళ్లు చానా మంది పోయారు. చెయ్యి కడుక్కో, అన్నం తిందువుగాని."

ఎనిమిది రోజులు ఆమె ఇంట్లోనే తిన్నాడు. పగలంతా ఇద్దరూ బండి మీద తిరిగేవారు. ఏ కేబుల్ ఎక్కడ రోడ్డు దాటుతుందో, ఏ కల్వర్టు కింద ఏ జాయింట్ ఉందో ఆమెకు నోటికి వచ్చు. "డ్రమ్ము నేను పట్టుకుంటే ఆయన లాగేవోడు. బ్యారేజీ దాకా ఇరవై రెండు కిలోమీటర్లు అట్టాగే లాగినం," అంది ఒకసారి. ఏడవలేదు. పని ఆపలేదు.

తొమ్మిదో రోజు విశాల్ వచ్చాడు. కోరల్‌నెట్ ఫీల్డ్ మేనేజర్. ఇస్త్రీ చొక్కా, చేతిలో బదిలీ కాగితాలు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ వేసినవాడు అతనే.

"ఏందమ్మా, ఇంకా ఆలోచిస్తన్నావా? ఆయన పోయాడు. ఇంక స్తంభాలెవురెక్కుతారు?"

"నేనెక్కుతా."

"ఎక్కు," అన్నాడు విశాల్ నవ్వుతూ. "కరెంటు సంగతి మేం చూసుకుంటాంలే."

హైమావతి స్క్రూడ్రైవర్ తీసుకుని రౌటర్ మూత బిగించడం మొదలుపెట్టింది. విశాల్ కాగితాలు బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఫహీమ్ ఫోన్‌కు నాగార్జున మెసేజ్ వచ్చింది. "లైసెన్సు మారితేనే డెకర్ స్వయంగా వస్తాడు. సంతకం పెట్టించు."

ఫహీమ్ ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు. తర్వాత ఆఫీసు గదిలోకి వెళ్లాడు.

"అక్కా, అమ్మేయి."

ఆమె అర్థం కానట్టు చూసింది. "ఏందీ?"

"సంతకం పెట్టు. పెట్టకపోతే రేపట్నించి నేనూ రాను. ఇంకో మనిషి నీకు దొరకడు."

"ఆయన్ని చంపినోళ్ల చేతికి ఆయన లైను ఇమ్మంటన్నావు. తెలిసే అంటన్నావా బాషా?"

"తెలిసే."

హైమావతి కాగితాలు లాక్కుని మూడుచోట్ల సంతకం పెట్టింది. "రేపట్నించి ఇక్కడ అన్నం తినబాక," అంది.

* * *

గురువారం పది గంటలకు నరసరావుపేటలో విచారణ. లైసెన్సింగ్ అధికారి ఫైలు తిరగేశాడు. పద్నాలుగో ఆపరేటరు కూడా ఒకే కంపెనీలో కలిసిపోతుంటే అభ్యంతరాలున్నాయా అని అడిగాడు. అభ్యంతరం చెప్పడానికి పోటీదారులెవరూ మిగల్లేదు.

"అమ్మా, ఇది మీ ఇష్టపూర్వకంగానేనా?"

హైమావతి గది వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఫహీమ్ వైపు చూసింది. "ఇష్టంగానే సార్."

ఇరవై నిమిషాల్లో ఆర్డర్ వచ్చింది. సీల్డ్ కవర్ అందుకోవడానికి ముందు వరసలోంచి ఒకామె లేచింది. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. ఆమె నడిచిన చోట సెంటు వాసన మిగిలింది. ఆఫీసులో గుమాస్తాలందరూ ఏదో పని ఉన్నట్టు తలలు ఎత్తారు.

వరండాలో ఆమె ఫహీమ్ ముందు ఆగింది. కొత్త కంపెనీ పాత టెక్నీషియన్‌ను పలకరించినట్టే అడిగింది.

"స్ప్లైస్ లాస్ ఎంత?"

"లెక్కలోకి రానంత మేడమ్."

ఉష గొంతు తగ్గించింది. "ఇవాళ మూడు గంటలకు. డెకర్ హైదరాబాద్ నుంచి వస్తున్నాడు. అతని కస్టమర్లు ఎక్కడెక్కడి నుంచో లైవ్ వీడియోలో చూస్తారు. సైరన్ లేకుండా గేట్లన్నీ ఎత్తేస్తాడు."

"కింద రేవు ఉంది. బట్టలుతికేవాళ్లు, పిల్లలు..."

"అందుకే మూడు గంటలు. మనుషులు ఉండే టైమే కావాలన్నాడు. కెమెరాలో కనపడాలట." ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. కళ్లు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. "నరసింహారావు సంగతి నేను ముందే చెప్పాను. ఎవరూ ఏమీ చేయలేదు. ఈ రోజుతో నన్ను బయటికి తెస్తామని మాటిచ్చారు. తెస్తారుగా?"

"తెస్తాం."

ఉష కారు వెళ్లిపోయింది. ఫహీమ్ నాగార్జునకు ఫోన్ చేశాడు. "రేవు ఖాళీ చేయించండి సార్."

"చేయిస్తే డెకర్‌కు తెలిసిపోతుంది. అతను కమాండ్ పంపిన రికార్డు కావాలి. నీ సంచిలో క్లిప్ ఉందిగా? కేబుల్ కోయకుండానే అందులో పోయే కమాండ్‌ను రికార్డు చేసి, మరుక్షణం లైను మూసేస్తుంది. దగ్గర్లో కాపు కాసే మా వ్యాన్లకు సిగ్నల్ కూడా ఇస్తుంది. వెంటనే లోపలికి వస్తాం."

"క్లిప్ పని చేయకపోతే?"

"చేయాలి," అని ఫోన్ పెట్టేశాడు నాగార్జున.

బస్టాండులో మాచర్ల బస్సు కదలబోతోంది. ఎక్కబోతున్న హైమావతి చెయ్యి పట్టుకుని ఫహీమ్ పక్కకు లాగాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆర్డర్ తప్పాడు. తన పేరు బాషా కాదనీ, తానెవరో, మూడు గంటలకు ఏం జరగబోతోందో నాలుగు మాటల్లో చెప్పాడు.

"మూడింటి లోపు బ్యారేజీ లైను కోసేయాలక్కా. ఎక్కడైనా సరే. మరీ ముందు కోస్తే అతను తప్పించుకుంటాడు. మూడుకి ఒక్క నిమిషం ముందు."

హైమావతి మొహంలో ఏ కదలికా లేదు. "మీకు అన్నీ ముందే తెలుస్తయ్యా?"

"కొన్ని."

"ఆయన్ని చంపుతారని తెలుసా?"

"మావాళ్లకు తెలుసక్కా," అన్నాడు ఫహీమ్. హైమావతి అతని చెంప పగలగొట్టింది. బస్టాండంతా తిరిగి చూసింది. ఆమె బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. కోస్తాననలేదు, కోయననలేదు.

* * *

రెండున్నర. రెంటచింతలలో పత్తి గోడౌన్ పైన ఉన్న గదిలో ఏసీ పెట్టినా చెమటలు పోస్తున్నాయి. సీలు వేసిన పెట్టె తెరుచుకుని ఉంది. సర్కారు ఇచ్చిన కోడ్ మొదటిసారికే పని చేసింది. గదిలో డెకర్‌తో పాటు ఉష, విశాల్, లైను అతకడానికి పిలిపించిన ఫహీమ్ ఉన్నారు.

డెకర్ పొట్టిగా, తెల్లగా, బడి పంతులులా ఉన్నాడు. గొంతు పెంచకుండా ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. లాప్‌టాప్ తెరలో ఒకపక్క బ్యారేజీ కింది రేవు కనపడుతోంది. బండల మీద ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. మోకాటి లోతు నీళ్లలో పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చల్లుకుంటున్నారు.

"లైను నా మెషీన్‌కు అతుకు," అన్నాడు డెకర్ ఫహీమ్‌తో. ఫహీమ్ సంచి విప్పబోయాడు. "నీ సంచి బయట పెట్టు. నా సామాను వాడు."

విశాల్ సంచి తీసుకెళ్లి మెట్ల మీద పెట్టి తలుపు గడియ వేశాడు. క్లిప్ సంచిలోనే ఉండిపోయింది. వ్యాన్లకు ఇక సిగ్నల్ వెళ్లదు. ఫహీమ్ వంగి పని మొదలుపెట్టాడు. నెమ్మదిగా చేశాడు. విశాల్ పిస్తోలు అతని వీపు మీద ఆనింది. "తొందరగా కానీయ్ రా."

రెండూ నలభై ఎనిమిది.

"ఈ గదిలో ఒకరు ప్రభుత్వం కోసం పనిచేస్తున్నారు," అన్నాడు డెకర్ మామూలుగా. "పొద్దున మెయిల్ వచ్చింది. ముందు ఈ టెక్నీషియన్ అనుకున్నాను. కాదట. పేరుతో సహా రాశారు."

అతను ఉష వైపు తిరిగాడు. విశాల్ పిస్తోలు డెకర్ చేతికిచ్చి, బల్ల మీది నైలాన్ టై ఒకటి తీశాడు. కేబుళ్లు కట్ట కట్టే టై. ఒకసారి బిగిస్తే వదులు కాదు. వెనక నుంచి ఉష మెడకు వేసి లాగాడు. టై పళ్లు టకటకమని ఒకదాని వెంట ఒకటి బిగుసుకున్నాయి.

ఉష మోకాళ్ల మీద కూలింది. గోళ్లతో మెడ గీరుకుంది. ఆమె చూపు ఫహీమ్ మీద ఆగింది. చెయ్యెత్తి ఒక్కసారి అతని వైపు చూపిస్తే ఆమె బతికేదేమో. చూపించలేదు. ఆ చెయ్యి నేల మీదే ఉంచుకుంది.

ఫహీమ్ వేళ్ల మధ్య ఫైబర్ ఉంది. పక్కనే కట్టర్ ఉంది. అది పట్టుకుని ఒక్క అడుగు వేస్తే టై తెగుతుంది. ఆ అడుగు వేస్తే డెకర్ కాలుస్తాడు. ఆ తర్వాత ఇంకొకడు లైను అతుకుతాడు. తెరలో పిల్లలు నీళ్లు చల్లుకుంటూనే ఉన్నారు.

అతను తల దించుకుని ఫైబర్ అతికాడు.

ఆమె కాళ్లు కొట్టుకోవడం ఆగడానికి చాలాసేపు పట్టింది.

రెండూ యాభై తొమ్మిది. లాప్‌టాప్‌లో రెండు పచ్చ లైట్లు వెలిగాయి. రెండు లైన్లూ సిద్ధం. డెకర్ మైకులో తన కస్టమర్లను ఆహ్వానించాడు. లైను ఇంకా తెగలేదు. బస్సు వేళకు చేరిందో లేదో ఫహీమ్‌కు తెలియదు. చేరినా ఆమె కోస్తుందో లేదో అసలే తెలియదు. అతను ఫైబర్ తుడిచే స్పిరిట్ సీసా మూత తిప్పి చేతిలో ఉంచుకున్నాడు.

మూడు గంటలు. డెకర్ ఎంటర్ నొక్కాడు.

తెరలో మొదటి గేటు కదిలింది. అడుగున తెల్లని నురగ ఒక గీతలా కనపడింది. గేటు జానెడు లేచింది.

రెండో లైటు ఆరిపోయింది.

గేటు అక్కడే బిగుసుకుపోయింది. డెకర్ మళ్లీ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. రేవులో ఒకావిడ పాదాల దగ్గరికి వచ్చిన నీళ్లు చూసి చీర ఎత్తి పట్టుకుని, పిల్లల్ని కేకేసి గట్టెక్కించింది.

డెకర్ తల తిప్పేలోపు స్పిరిట్ అతని కళ్లలో పడింది. పిస్తోలు పేలి కప్పు పెచ్చు ఊడింది. ఫహీమ్ ఫైబర్ అతికే మెషీన్ ఎత్తి డెకర్ మణికట్టు మీద దించాడు. ఎముక విరిగిన చప్పుడు ఏసీ హోరులో కూడా వినపడింది. విశాల్ గడియ తీసి మెట్లు దిగి పారిపోయాడు. తుపాకీ చప్పుడు విని వ్యాన్లలోంచి దిగిన మనుషులు అతన్ని గోడౌన్ గుమ్మంలోనే బోర్లా పడేశారు.

ఫహీమ్ కట్టర్‌తో ఉష మెడ చుట్టూ ఉన్న టై కోశాడు. ఆమె వెచ్చగానే ఉంది. అంతకుమించి ఏమీ లేదు.

రోడ్డు పక్క కల్వర్టు కింద, బురదలో మోకాళ్ల మీద కూర్చుని ఉంది హైమావతి. చేతిలో పక్క పొలంలో అడిగి తెచ్చుకున్న కొడవలి ఉంది. కాలు జారి, బ్యారేజీ కేబుల్ వెతికి పట్టుకోవడానికి ఆమెకు నిమిషం ఆలస్యమైంది. తన మొగుడితో కలిసి లాగిన లైనును ఒక్క వేటుకు నరికింది. తర్వాత చాలాసేపు లేవలేదు.

* * *

"డెకర్‌కు ఉరి తప్పదు," అన్నాడు నాగార్జున, మార్చురీ వరండాలో. "మొదటి లైనులో అతను పంపిన కమాండ్ బ్యారేజీ కంప్యూటర్ రికార్డులో పూర్తిగా ఉంది."

"అంటే నా క్లిప్ అవసరమే లేదు."

"ముందు తెలియదుగా."

"ఉష పేరు డెకర్‌కు ఎవరు మెయిల్ చేశారు సార్?"

"తనవాళ్లలో ఎవరో అమ్ముడుపోయారని అతనికి అనుమానం వచ్చింది. అతను వెనక్కి తగ్గకుండా నీదో ఆమెదో, ఒక పేరు నేను ఇవ్వాల్సి వచ్చింది. లైను అతకాల్సినవాడివి నువ్వు."

ఫహీమ్ అతని కాలర్ పట్టుకున్నాడు. తర్వాత వదిలేశాడు. "ఇదంతా రిపోర్టులో రాస్తాను."

"రాయి," అన్నాడు నాగార్జున కాలర్ సర్దుకుంటూ. "చదివేది నేనే."

లైసెన్సు బదిలీ రద్దయింది. కోరల్‌నెట్ బోర్డులు దిగిపోయాయి. అమ్ముకున్న ఆపరేటర్లలో నలుగురు మళ్లీ సొంతంగా మొదలుపెట్టారు. ఫహీమ్ ఒక్కసారి రెంటచింతల వెళ్లాడు. హైమావతి గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"ఆ నీలం చీర పిల్ల పోయిందంటగా?"

"అవునక్కా."

"ఆమె గూడా మీ మనిషేనంట."

"అవును."

"మీ మనుషులే నయం, చచ్చేటప్పుడన్నా తెలుస్తది ఎందుకు చస్తన్నారో," అని ఆమె తలుపు వేసుకుంది. రౌటర్ల ఫ్యాన్ల చప్పుడు బయటికి వినపడుతూనే ఉంది.

నెల తర్వాత ఆమెకు లైసెన్సింగ్ ఆఫీసు నుంచి రిజిస్టర్ పోస్టులో నోటీసు వచ్చింది. ఫలానా గురువారం మూడు గంటల నుంచి బ్యారేజీ లైనులో సేవలు నాలుగు గంటల పాటు నిలిచిపోయినట్టు గమనించారట. నిబంధనల ప్రకారం లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. జత చేసిన ఫారంలో రెండు గడులున్నాయి. హైమావతి పెన్ను తీసుకుని రెండూ నింపింది.

సేవలు నిలిచిపోవడానికి కారణం: కొడవలి.

ఇకపై నాణ్యత పెంచేందుకు తీసుకున్న చర్యలు: పదును పెట్టించాను.